బూడిదరంగు కొమ్మ

మా అమ్మాయి కాలు సాయంత్రం పూట గోడకి చేరబడి చదువుకుంటుంది.

ఈ మాటంటే ఇప్పుడు మా వీధిలో ఎవరూ నవ్వరు. మొదట్లో నవ్వారు. ఎదురింటి అప్పయ్యమ్మయితే కాలికి మార్కులెన్ని వస్తన్నాయని రోజూ ఆరా తీసేది. నేను ఎనిమిదో తరగతితో ఆపేసినదాన్ని. కాబట్టి ఇందులో సైన్సు ఎక్కడైనా తప్పు చెబితే ఆ తప్పు నాది, రెహానా మేడంది కాదు.

మాది విశాఖపట్నంలో, పోర్టు వెనక కొండవాలు మీద ఇల్లు. కింద తారురోడ్డు నుంచి మా గుమ్మం దాకా అన్నీ సిమెంటు మెట్లే. ఎవరింటి ముందువి వాళ్లు పోసుకున్నవి, ఏ రెండూ ఒక ఎత్తున ఉండవు. మలుపు దగ్గర ఒకటి మోకాలెత్తుంటుంది. కొళాయి దగ్గరది ఏడాది పొడుగునా నాచే. నాలుగేళ్ల కిందట తుపాను వానకి వెనక కొండ మీంచి బండ జారి మా వంటగది మీద పడింది. దమయంతి అప్పుడు లోపల అన్నం తింటోంది. పిల్ల బతికింది, కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. అప్పట్నుంచీ మబ్బు పడితే చాలు, నా గుండెలో రాళ్లు దొర్లుతాయి. మబ్బు లేకపోయినా దొర్లుతాయనుకోండి. మా ఆయన సన్యాసిరావు పోర్టులో క్రేను నడుపుతారు. ఆకాశం నిర్మలంగా ఉంటే ఎందుకు ఇంత నిర్మలంగా ఉందని భయపడే రకం నేనని ఆయన అందరికీ చెబుతుంటారు.

కృత్రిమ కాళ్ల మీద ప్రయోగాలు చేసే చోటొకటి ఊరి చివర ఉంది. అక్కడి రెహానా మేడం కర్నూలు మనిషి, ముప్పై దాటి ఉండదు. ఎప్పుడు చూసినా పక్కన టీ చల్లారిపోయి ఉంటుంది, అదే తాగుతుంది. మామూలు కాళ్లకి ఇంజనీర్లు కూర్చుని ఇలా వంగు, ఇలా నిలబడు అని ప్రోగ్రాం రాసిపెడతారట. చదును నేల మీద అవి బాగానే నడుస్తాయి. మా మెట్లకి ఎవరు రాయగలరు? అందుకని దమయంతి కాలికి ప్రోగ్రాం రాయలేదు, పెంచారు.

పెంచడమంటే ఇలాగ. మొదట ఆ కాలి లోపల ఒక గుంపు ప్రోగ్రాములు పడేశారు, గీతలు గీసినట్టు ఏవి పడితే అవి. వాటిలో ఏదో కొంచెం నడక వచ్చినవాటిని ఏరి, జంట కట్టి, ఒకదాని ముక్క తెంచి ఇంకోదానికి అతికిస్తే పిల్లలు పుడతాయి. ఆ పిల్లల్లో మళ్లీ బాగా నడిచేవాటిని ఏరతారు. పాలిచ్చే గేదెకి మంచి దున్నని చూసినట్టే. కాకపోతే గేదెకి ఏడాది పడుతుంది, వీటికి రెప్పపాటు. దమయంతి బడి నుంచి వచ్చి కాలు విప్పి, దేవుడి గూటి పక్కన ప్లగ్గుకి తగిలించగానే మడమ దగ్గర చిన్న దీపం వెలుగుతుంది. అది వెలిగినంతసేపూ, ఆ రోజు మా పిల్ల వేసిన ప్రతి అడుగునీ లోపల తరాల తరాల ప్రోగ్రాములు మళ్లీ వేసి చూసుకుంటాయి. గెలిచింది తెల్లారి మా పిల్ల మోకాలవుతుంది.

ఒకసారి నేర్చుకున్నాక ఆపెయ్యొచ్చు కదా అని నేనూ అడిగాను. ఎదిగే పిల్ల కదమ్మా అంది మేడం. ఏ నెలకానెల పొడుగు మారుతుంది, బరువు మారుతుంది, కాలూ పక్కనే నేర్చుకుంటూ ఉండాలి.

ఆ మొదటి రోజుల్లో నేను ఆ కాలికి దణ్ణం పెట్టేదాన్ని. అబద్ధం కాదు. నాచుమెట్టు వస్తోందంటే ఆ మోకాలు తనంతట తనే ఒక్క క్షణం ఆగి, పాదాన్ని చదునుగా వేసేది. అక్కడ నాచుందని దానికెవరు చెప్పారు? దానికి కళ్లు లేవు. ఎన్నోసార్లు జారబోయి, జారబోయిన ప్రతిసారీ తన పిల్లల్లో తెలివితక్కువవాటిని పోగొట్టుకుని, మా కొండని అలా కంఠతా పట్టింది. కన్నపిల్లకి వందసార్లు చెబితే రాని జాగ్రత్త, ఒక ప్లాస్టిక్ పిక్కకి వచ్చింది. దమయంతి పొద్దున్న బడికి దిగుతుంటే టక్, టక్ మని ఆ చప్పుడు మెట్ల వెంట కిందికి పోతూ ఉంటే, అదేదో గొప్ప పండితుడు నడిచి వెళ్తున్నట్టుండేది నాకు.

అయినా నేను పక్కన ఉండాల్సిందే. దాని కుడి మోచెయ్యి నా చేతిలో ఉండాల్సిందే, నా రెండో భుజానికి సంచి ఉండాల్సిందే. సంచిలో గొడుగు, టార్చి, కాలిన గాయాల మందు, ఇంకో జత చెప్పులు. ఇన్నేళ్లలో వాటిలో దేనికీ పని పడలేదు. పని పడలేదు కాబట్టి అవి ఉండటమే మంచిదని ఏదీ తీసెయ్యలేదు, మరికొన్ని చేరాయి.

తొమ్మిదో తరగతి మొదలయ్యాక దమయంతి ఒకరోజు మెట్ల మధ్యలో ఆగి, "అమ్మా, ఈ కాలు ఆలోచిస్తోంది" అంది.

ఏమీ కాదులే అనడం నాకు చేతకాదు కదా. ఏం ఆలోచిస్తోంది, ఎప్పట్నుంచి, నొప్పా, వేడెక్కిందా అని చంపుకు తిన్నాను. అదేం లేదట. పాదం వేస్తే మోకాలు బిగవాల్సినప్పుడు బిగవట్లేదట. బిగుస్తుంది, కానీ కొంచెం వెనకగా, మాట వినిపించాక జవాబు వెతుక్కుంటున్నట్టు. రోజులు గడిచేకొద్దీ ఆ ఆలస్యం నాకూ తెలిసింది. టక్ మనే చప్పుడు ట-క్ అయింది.

తర్వాత మలుపు దగ్గర మోకాలెత్తు మెట్టు మీంచి ఇద్దరం పడ్డాం. నా చేతిలో దాని మోచెయ్యి ఉంది, గట్టిగానే ఉంది. మోకాలు బిగవలేదు. పిల్ల ముందుకి పోయింది, పిల్లతోపాటు నేనూ పోయాను. దాని గడ్డం చీలింది, కుట్లు పడ్డాయి. నా సంచిలో కాలిన గాయాల మందుంది గానీ తెగిన గాయానికి ఏమీ లేదు.

మర్నాడు ముగ్గురం మేడం దగ్గరికి వెళ్లాం. ఆవిడ కాలిని తీగలతో కంప్యూటరుకి కలిపి చాలాసేపు చూసి, పాడవలేదమ్మా, లావెక్కింది అంది.

తెర మీద చెట్టు కనిపించింది. మా పిల్ల కాల్లో ఉన్న ప్రోగ్రాం బొమ్మలో గీస్తే అలా ఉంటుందట, కొమ్మలు, వాటికి రెమ్మలు. దమయంతి వాలుబల్ల మీద అడుగు వేస్తే చెట్టులో కొన్ని కొమ్మలు పచ్చగా వెలిగేవి. మోకాలికి మాట చెప్పేవి అవేనట. మిగిలిందంతా బూడిదరంగు. ఆ కొమ్మలు కూడా ప్రతి అడుగుకీ కూర్చుని లెక్కలు కడతాయి, కానీ వాటి లెక్క మోకాలి దాకా రాదు. ఎవరికీ అక్కర్లేని లెక్క. పచ్చగా వెలిగినవి గుప్పెడు కొమ్మలు, చుట్టూ తెర అంచుల దాకా బూడిద. మోకాలికి ఆ లెక్కలన్నీ అయ్యేదాకా కాచుకుని కూర్చోవడంతోటే సరిపోతోంది.

ఈ పీడంతా నేను పట్టుకోవడం వల్ల వచ్చిందా అని అడిగాను. మేడం కాదంది. భీమిలిలో ఒక్కడే ఉండే జాలరి కాలుందట, అతన్ని పట్టుకునేవాళ్లెవరూ లేరు, అదీ ఇంతే. ఇక్కడ పెంచిన ప్రతి కాలూ ఇంతే. ఎవరూ లావెక్కమనలేదు. అన్నీ లావెక్కుతాయి. చూపిస్తానని చెట్లని జంట కట్టే పని తెర మీద మెల్లగా నడిపింది.

ముందు ఒక చిన్న చెట్టు వచ్చింది, దాదాపు అంతా పచ్చే. పక్కన ఒక బొమ్మకాలు చక్కగా నడుస్తోంది. పైనుంచి గీతలాంటి కత్తి, ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదు, వచ్చి పచ్చ కొమ్మ మీద పడింది. అక్కడ వేరే చెట్టు ముక్క అతుక్కుంది. దానికి పుట్టిన పిల్ల రెండడుగులు వేసి కుప్పకూలి మాయమైపోయింది. తర్వాత గుబురు చెట్టు వచ్చింది. కత్తి పడింది, బూడిద మీద పడింది. పిల్ల అచ్చం తల్లిలాగే నడిచింది. మళ్లీ చిన్నది, మళ్లీ కత్తి, మళ్లీ కూలింది. మళ్లీ గుబురుది, బతికింది. చూస్తూ చూస్తూ ఉండగానే తెర మీద చిన్న చెట్లు కనబడకుండా పోయాయి. మిగిలినవాటి పిల్లలు ఇంకాస్త గుబురుగా ఉన్నాయి, వాటి పిల్లలు ఇంకాస్త.

అదొక్కటే కారణం కాదంది మేడం. బాగా నడిచే చిన్న చెట్లు లోకంలో గుప్పెడుంటే, అదే నడక నడిచే పెద్ద చెట్లు లెక్కలేనన్ని ఉంటాయట. కళ్లు మూసుకుని చెయ్యి పెట్టి తీస్తే ఏది దొరుకుతుంది? పైగా సాయంత్రం జరిగే పరీక్షలో సరిగ్గా నడిచావా అనే అడుగుతారు తప్ప, ఎంతసేపు ఆలోచించావని అడగరు.

మా ఆయన అంతా విని, క్రేను వెనక సిమెంటు దిమ్మ ఉంటుంది కదా మేడం, అది ఏ బరువూ ఎత్తదు, అది లేకపోతే క్రేను బోర్లా పడుతుంది, అలాంటిదా అన్నారు.

"కాదండీ. మీ దిమ్మ ఎత్తిన ప్రతి బరువుకీ పని చేస్తుంది. ఇవి ఇవాళ్టి అడుగుకి ఏమీ చెయ్యవు. రేపు పుట్టబోయేదాని మీద కత్తి పడితే, అది తమ మీద పడేలా అడ్డం ఉంటాయి. అంతే."

"అయితే ఇంకేం, అది మా ఆవిడే" అన్నారాయన. "సంచీతో సహా."

దమయంతి కుట్లు లాగుతున్నా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ బూడిద కొమ్మల కేసి అలాగే చూస్తుండిపోయాను. ఏ పనీ చెయ్యకుండా, కత్తికి అడ్డం మటుకు ఉండటం. ఎవరూ చెప్పకుండా, ఎవరూ రాయకుండా, లోపల్లోపల అవి ఆ ఉపాయం కనిపెట్టుకున్నాయి. అలాంటిదాన్ని ఎలా తిట్టను? ఆ ఉపాయమే నా పిల్ల గడ్డం చీల్చింది.

ఆ రోజే మేడం బూడిదంతా కత్తిరించేసింది. కాలు మళ్లీ టక్, టక్ మంది. కొన్నాళ్లే. అడ్డం లేని చెట్టు కదా, కత్తి ఎక్కడ పడ్డా పచ్చ మీదే, పిల్లలు పుట్టినవి పుట్టినట్టు కూలిపోయాయట. వాటిలో ఏ కాస్త బూడిద మొలిచినవో అవే నిలిచాయి. గోరింట చెట్టు నరికితే మొదట్లోంచి పది కొమ్మలు వచ్చినట్టు, మళ్లీ గుబురయింది, మళ్లీ కాలు ఆలోచించడం మొదలుపెట్టింది.

ఈసారి మేడం చెట్టు పెద్దదైతే శిక్ష పెట్టింది. సాయంత్రం పరీక్షలో ఎంత పెద్ద చెట్టయితే అన్ని మార్కులు కోత.

మర్నాడు పొద్దున్న దమయంతి కాలు తగిలించుకుని లేచి నిలబడి, మళ్లీ కూర్చుంది. మళ్లీ లేచింది. మోకాలు వంగట్లేదు. రోకలి. అటు ఇటు పడకుండా నిటారుగా, రాయిలా ఉంది. గడప దాటాలంటే నడుం తిప్పి కాలంతా బయటికి విసిరి వెయ్యాలి. మెట్లు దిగడం సంగతి దేవుడెరుగు.

ఫోను చేస్తే మేడం అవతల నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. వీలైనంత చిన్నగా ఉండమన్నాను, పడొద్దన్నాను, రెండిటికీ కలిపి ఒకటే జవాబు కనిపెట్టిందమ్మా, వంగడమే మానేస్తే పడదు కదా అంది. ఆ చెట్టుకి ఒకటే కొమ్మట, నిలబడు అని. శిక్ష ఎక్కువైంది, తగ్గించి చూస్తాను, సాయంత్రం కాలిని తీసుకురండి అంది.

నేను తీసుకువెళ్లలేదు.

కొన్నాళ్లు ఇలా ఉండనివ్వండి మేడం, పిల్ల అలిసిపోయింది అన్నాను. పిల్ల అలిసిపోలేదు. కానీ ఆ రోజు వాన పడింది, మెట్ల మీంచి ఎర్రనీళ్లు దూకాయి, నా పిల్ల ఇంట్లో మంచం మీద ఉంది. మర్నాడూ వాన పడింది, నా పిల్ల ఇంట్లోనే ఉంది. బండ జారిన నాటి నుంచీ నా వంటగదిలో నేను నింపాదిగా పోపు వేసుకున్న రోజులు అవే. పెసరట్లు పోశాను, జున్ను తెప్పించాను. మా ఆయన తినేటప్పుడు నా మొహం కేసి చూసి తలదించుకున్నారు. బడి పోతే పోయింది, ప్రైవేటు చెప్పించుకోవచ్చు. నడక లేకపోతే ఏం, ప్రాణముంది. కాలు పడకూడదు, అంతే కదా ఎవరికైనా కావాల్సింది. ఆ కొయ్యకాలు నాకు దేవుడు పంపినట్టే ఉంది.

దమయంతి ఆ రోజులన్నీ గడప మీద కాలు చాపుకుని కూర్చుంది. బడి పిల్లలు మెట్లు దిగి వెళ్తుంటే చూసింది, ఎక్కి వస్తుంటే చూసింది. గులకరాయి తీసి మెట్ల మీద వదిలితే అది ఎగురుకుంటూ కిందికి పోయేది. చప్పుడు ఆగిపోయేదాకా విని, ఇంకోటి వదిలేది. నేను అట్టు పట్టుకెళ్లి పక్కన కూర్చున్నాను. నా మొహం చూడకుండానే అంది.

"ఇది నీ కాలమ్మా. నాది కాదు."

కోపంగా అనలేదు. ఎవరి గొడుగు వాళ్లకి ఇచ్చినట్టు అంది.

అట్టు చల్లారిపోయింది. నేను లోపలికి వెళ్లి మేడంకి ఫోను చేశాను.

ఇంకో దారి ఉందంది ఆవిడ, కానీ మీకు నచ్చదేమో అని ముందే చెప్పింది. శిక్ష లేదు, కత్తిరింపు లేదు. రోజూ సాయంత్రం గుంపు మొత్తంలో సగటు కంటే పెద్దవి ఎన్నుంటే వాటికి చీటీలు వేస్తారు. చీటీ దేనికి పడితే దానికి ఇంక పిల్లలు ఉండవు. అది ఎలా నడుస్తుందో కూడా చూడరు.

"బాగా నడిచేదైనా?"

"బాగా నడిచేదైనా అమ్మా. అన్నిటికంటే బాగా నడిచేదైనా."

నేను చీటీల పాటలు పాడినదాన్నే. కానీ ఇదేం చీటీ. అందులో నా పిల్లని మోయబోయే మోకాలు ఉంటే? మేడం ఉండొచ్చు అంది, దాచలేదు. ఇవాళ ఒక మంచిది పోతుంది, దాని పోలికవి చిన్నవి మిగులుతాయి. గుబురుగా ఉంటే రోజూ గండమే కాబట్టి, పెద్దవాటిలో నిజంగా గొప్పవే తెగించి నిలుస్తాయి, వట్టి గుబురు నిలవదు. ఎన్నో చీటీలు పడితే గానీ ఫలితం తెలియదు. చీటీ పడినది ఏదో మనకి ఎప్పటికీ తెలియదు.

మొదలుపెట్టడానికి కాలిని తీసుకుని మళ్లీ వెళ్లాం. మేడం పాత గుబురు చెట్టునే తిరిగి ఎక్కించి, ఒకసారి చివరిగా చూసుకుంటానని దమయంతిని వాలుబల్ల ఎక్కమంది. ఒక్కత్తీ ఎక్కాలి, తీగలున్నాయి, పక్కన ఎవరూ ఉండొద్దు. పచ్చ కొమ్మలు వెలిగాయి. పిల్ల పైదాకా పోయింది, దిగడం మొదలుపెట్టింది. మోకాలు ఆలోచిస్తోంది. ఒంగింది. నా కాళ్లు నన్నడగలేదు. వెళ్లి మోచెయ్యి పట్టేసుకున్నాను.

"ఆగండి" అంది మేడం. "కదలొద్దు. అలాగే పట్టుకోండి."

తెర మీద ఒక కొత్త కొమ్మ వెలిగింది. ఇంతసేపూ బూడిదలో బూడిదగా పడి ఉన్న కొమ్మ, రెమ్మలతో సహా పచ్చగా. మేడం వదలమంది, వదిలాను, ఆరిపోయింది. పట్టుకోమంది, పట్టుకున్నాను, వెలిగింది. ఆవిడ చల్లారిన టీ పక్కకి జరిపి కుర్చీలో వెనక్కి వాలింది. కాలు దాచుకొచ్చే మీ ఇంటి అడుగుల్లో ఈ కొమ్మ ఒక్కోసారి వెలుగుతోంది, ఒక్కోసారి వెలగట్లేదు, ఎందుకో తెలియక నెలల తరబడి చూస్తున్నామమ్మా, ఇంకే కాలిలోనూ ఇది లేదు అంది. ఇక్కడ దమయంతి ఎప్పుడూ ఒక్కత్తే నడుస్తుంది, అందుకని దొరకలేదట.

అది నా కొమ్మ.

నేను మోచెయ్యి పట్టుకుంటే పిల్ల బరువు కొంత నా మీదికి వస్తుంది. ఆ కాస్త తేలికని ఆ కాలు పసిగట్టింది. నన్ను చూడలేదు, నా పేరు తెలియదు, మనిషినని కూడా తెలియదు. పక్కన ఏదో ఒకటి ఉంది, అది ఉన్నప్పుడు మోకాలు కొంచెం మెత్తగా పెట్టొచ్చు, ఆ బరువు అది మోస్తుంది అని నేర్చుకుంది. నన్ను నమ్ముకుంది. ఇంత అందమైన మాట నా గురించి ఎవరూ ఎక్కడా రాసి ఉండరు.

ఆ వెంటనే భయం వచ్చింది. నాకు రావడం ఎంతసేపు. పట్టుకోవద్దని మేడం చెప్పలేదు. నాకే అనిపించింది. ఒకరోజు నాకు జ్వరం వస్తుంది. ఒకరోజు నేను ఆలస్యంగా లేస్తాను. ఎప్పుడో ఒకరోజు నేనసలు ఉండను. ఆ రోజు మోకాలు నా చెయ్యి ఉందనుకుని మెత్తగా పెడితే? నేను పట్టుకున్న ప్రతి రోజూ, లేని చేతిని నమ్ముకోవడం దానికి నేర్పుతున్నానన్నమాట. ఇన్నాళ్లూ నేను భయపడనిది ఒక్కటే ఉంది, నా చెయ్యి. ఇప్పుడు దానికీ భయపడ్డాను.

"చీటీలు వెయ్యండి మేడం" అన్నాను.

ఆ సాయంత్రం నుంచి గూటి పక్కన దీపం వెలిగితే నేను వంటగదిలోకి పోయేదాన్ని. లోపల ఎవరికి చీటీ పడుతోందో అని దీపం కేసి చూడలేకపోయేదాన్ని. పొద్దున్న పిల్ల దిగుతుంటే వెనక నడిచేదాన్ని. మొదట ఒక మెట్టు వెనక, తర్వాత రెండు. చేతులు ఊరుకోవని సంచిని రెండు చేతులా పట్టుకునేదాన్ని. కొన్ని రోజులు కాలు తూలింది. ఒకరోజు మరీ బాగాలేదు, మంచిదేదో పోయిందనుకున్నాను. తర్వాత మెల్లమెల్లగా చప్పుడు మారింది. ట-క్ అన్నది దగ్గరపడింది. ఒకనాడు నేను బియ్యం కడుగుతుంటే బయట టక్, టక్ మని వినిపించి, ఎవరా అని చూస్తే దమయంతే, కొళాయి నుంచి బిందె పట్టుకుని పైకొస్తోంది.

దసరా సెలవులు అయ్యాక బడి తెరిచిన రోజు తుంపర మొదలైంది. దమయంతి బ్యాగు తగిలించుకుని గుమ్మంలో నిలబడింది. నేను సంచి కోసం లోపలికి వెళ్లబోతే మా ఆయన అడ్డం నిలబడి, ఏటే, ఎక్కడికి అన్నారు. ఎక్కడికీ లేదన్నాను. నిజంగానే సంచి వదిలేశాను. గడప పట్టుకుని నిలబడ్డాను.

పిల్ల దిగింది. మోకాలెత్తు మెట్టు దగ్గర పక్కకి తిరిగి దిగింది, బాగానే దిగింది. మలుపు దాటింది. కొళాయి కనబడుతోంది. వానకి నాచు నల్లగా మెరుస్తోంది. మోకాలు ఎప్పట్లాగే ఒక్క క్షణం ఆగింది, పాదం చదునుగా వేసింది, అయినా జారింది. పిల్ల చెయ్యి గాల్లోకి లేచింది, కుడి చెయ్యి, నేనుండే వైపు. నేను పైన ఉన్నాను.

మోకాలు బిగిసింది. ఆలోచించలేదు. చూసే నా కన్ను కంటే ముందు బిగిసింది. పిల్ల ఊగి, నిలబడి, గాల్లో ఉన్న చేతిని దించుకుని బ్యాగు సర్దుకుంది. వెనక్కి తిరిగి పైకి చూసింది.

"అమ్మా, ఊపిరి వదులు" అని అరిచింది.

వదిలాను. అది రోడ్డు మీదికి దిగి బడి పిల్లల్లో కలిసిపోయేదాకా చూశాను. లోపలికొచ్చి పొయ్యి వెలిగించాను.

మొన్న దమయంతికి పిక్క పొడుగు చేయించడానికి మళ్లీ మేడం దగ్గరికి వెళ్లాం. పిల్ల నా భుజం దాటింది. తెర మీద దాని చెట్టు చూపించింది మేడం. ఎంత చిన్నదో, చేతిలో పట్టేటట్టుంది. పచ్చ ఎక్కువ, చుట్టూ కాస్తే బూడిద. ఆ కాస్తా ఉండాలట. అడుగున ఒక పక్కగా ఉన్న బూడిద కొమ్మ మీద వేలు పెట్టి, గుర్తుపట్టారా అమ్మా అంది.

గుర్తుపట్టాను. నేను పట్టుకోవడం మానేశాక దానికి వెలిగే పని లేకపోయిందట. ఇన్ని చీటీల్లో ఎప్పుడు పోతుందోనని చూస్తూనే ఉందట, పోలేదు. పనికి రాదు, బరువూ పెద్దగా లేదు, చేత్తో తీసెయ్యమంటే తీసేస్తాను అంది.

ఉండనివ్వండి అన్నాను. చీటీ పడితే పోతుంది, లేకపోతే ఉంటుంది.

పిక్క బిగించడం అయ్యాక కాలిని తీగలకి కలిపి, కొత్త పొడుగు నేర్చుకోమని మేడం జంటలు కట్టడం మొదలుపెట్టింది. నేను తెర కేసి చూస్తూ కూర్చున్నాను. ఇన్నాళ్లూ దీపం కేసి కూడా చూడనిదాన్ని. పైనుంచి కత్తి వచ్చింది. ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదు. పచ్చ కొమ్మ మీదికే వస్తున్నట్టు వచ్చి, పక్కన నా కొమ్మ మీద పడింది. సగానికి తెగింది.

తెర మీద బొమ్మకాలు తూలలేదు, తడబడలేదు. అలా నడుచుకుంటూనే పోయింది.

"అమ్మా, లే. బస్సు పోతుంది" అంది దమయంతి. అప్పటికే గుమ్మం దాటి ముందు నడుస్తోంది.